నవ్వూ ఓ లెక్కే!

తొమ్మిదేళ్లకే పెద్దవాళ్ల పేపరు చదివేసే పిల్లలకు చిన్నపిల్లల జోకులు చప్పగా ఉంటాయి. చీమ-ఏనుగు జోకు సగంలో ఉండగానే చివర చెప్పేస్తారు. పోనీ పెద్దల కామెడీ పెడదామంటే అదో తంటా. సగం ద్వంద్వార్థాలు. మిగతా సగం లావుపాటి ఆవిణ్నో, నత్తిగా మాట్లాడేవాణ్నో ఏడిపించడాలు.

కొత్తగూడెంలాంటి బొగ్గు ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. బాయిలో దెబ్బతిని కుంటుతూ నడిచే తాతలు, మామలు అక్కడి పిల్లలకు తెలిసినవాళ్లే. తెరమీద కుంటినడక చూసి పడీపడీ నవ్విన పిల్లాడు రేపు వీధిలో ఎవరిని చూసి నవ్వుతాడు? చురుకైన పిల్లలు అనుకరించడంలోనూ చురుకే!

మరి తెలివైన హాస్యం ఎక్కడుంది? కాస్త బుర్రపెడితేనే నవ్వొచ్చే చోట.

ఆరేడేళ్ల వాళ్లకు పరమానందయ్య శిష్యులున్నారు. ఏరు దాటాక తలలు లెక్కపెట్టుకుంటారు. లెక్కపెట్టే ప్రతివాడూ తనను వదిలేసి, ఒకడు తగ్గాడని లబోదిబోమంటాడు. తప్పెక్కడుందో వాళ్లకంటే ముందు వింటున్న పాపకు తెలిసిపోతుంది. ఆ గెలుపే నవ్వు!

ఎనిమిదేళ్లు దాటితే 'మాయాబజార్' (1957). పింగళి నాగేంద్రరావు మాటల చమత్కారం చూడండి. అస్మదీయులు ఘటోత్కచుడి పరివారం నోట 'అసమదీయులు' అవుతారు. వారికి ఎదుటి పక్షంగా 'తసమదీయులు' పుట్టేస్తారు. సినిమా అయ్యాక పిల్లల్నీ ఓ కొత్త మాట పుట్టించమనండి.

పదేళ్లకు ముళ్లపూడి 'బుడుగు', బాపు బొమ్మలతో. పెద్దవాళ్ల సరదాలు బుడుగు నోట వచ్చినచోట పక్కన కూర్చుని మాట్లాడాలి. పన్నెండేళ్లకు మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిస్టర్ పార్వతీశం'. మొగల్తూరు నుంచి ఇంగ్లండు బయల్దేరిన పార్వతీశం తన అమాయకత్వాన్ని తానే చెప్పుకుని నవ్విస్తాడు.

షిఫ్టుల ఊరి పిల్లలకు చార్లీ చాప్లిన్ 'మోడరన్ టైమ్స్' (1936) తప్పక చూపించాలి. బోల్టులు బిగించీ బిగించీ చేతులు ఆగని కార్మికుడి కథ. మాటలు దాదాపు ఉండవు కాబట్టి భాష అడ్డురాదు. నవ్వు మనిషి మీద కాదు, అతణ్ని యంత్రంలా వాడుకునే పద్ధతి మీద. జైల్లో మత్తుపొడి సన్నివేశం ఒకటుంది, అక్కడ పెద్దలు పక్కనుండాలి.

ఏం చూసినా చివర రెండే ప్రశ్నలు అడగండి. ఎందుకు నవ్వావు? ఆ మనిషి నీ పక్కనే ఉంటే అలాగే నవ్వేవాడివా? రెండోదానికి జవాబు తడబడితే మరో కథ వెతకండి. జవాబు సూటిగా వస్తే, మొదటి షిఫ్టు ముగించుకుని నాన్న ఇంటికొచ్చేలోగా ఓ సొంత జోకు రాసి ఉంచమనండి!