గొంతు సిద్ధంగా ఉంది, పాఠమే లేదు

'రాష్ట్రం' అన్న మాట మనకు ఒక్క చూపులో తెలిసిపోతుంది. డిస్లెక్సియా ఉన్న పిల్లవాడు మాత్రం ష కింది ట వత్తునూ, దాని వెంట ఉన్న ర వత్తునూ విడివిడిగా పోల్చుకుని, వాటిని శబ్దాలుగా మార్చి, మళ్లీ ఒక మాటగా కూర్చుకోవాలి. వాక్యం చివరికి చేరేసరికి మొదట్లో చదివింది మరచిపోతాడు. అదే వాక్యాన్ని ఎవరైనా చదివి వినిపిస్తే అర్థం చక్కగా చెప్పగలడు. తెలివికి కొదవ లేదు, అక్షరాన్ని శబ్దంతో ముడివేయడం దగ్గరే చిక్కంతా. పాఠాన్ని పైకి చదివి వినిపించే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ సరిగ్గా అక్కడే ఆదుకుంటుంది. దానికి డబ్బూ అక్కర్లేదు. ఎన్‌వీడీఏ అనే అలాంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ బ్రౌజర్‌లో తెలుగు ఆడగొంతు, మగగొంతు రెండూ ఉన్నాయి. ఇక అడ్డం పడుతున్నది మనం తయారుచేస్తున్న పాఠమే.

కంప్యూటర్లన్నీ అక్షరాలను ఒకేలా గుర్తించే యూనికోడ్ ప్రమాణంలో తెలుగు లిపికి 1991లోనే చోటు దక్కింది. అయినా మన డీటీపీ పని చాలావరకు అను వంటి పాత ఫాంట్ల మీదే నడిచింది, ఇప్పటికీ నడుస్తోంది. వాటిలో ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల స్థానాల్లో తెలుగు ఆకారాలను కూర్చారు. అలాంటి పీడీఎఫ్‌లోంచి ఒక పంక్తిని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. కంటికి తెలుగుగా కనిపించినదంతా అర్థంలేని గుర్తుల వరుసగా మారుతుంది. సాఫ్ట్‌వేర్‌కు చేరేదీ అదే. స్కాన్ చేసిన పుస్తకమైతే అదీ ఉండదు, వట్టి బొమ్మే. బొమ్మలోంచి అక్షరాలు రాబట్టే ఓసీఆర్ ఉన్నా, ముద్రణ మసకగా ఉంటే వత్తుల దగ్గర తడబడుతుంది.

వినడానికి అలవాటుపడితే పిల్లలు చదవడం మానేస్తారన్నది ఉపాధ్యాయుల భయం. అందులో కొంత న్యాయం ఉంది, సాఫ్ట్‌వేర్ చదవడం నేర్పదు. అక్షరాలు, గుణింతాలు, వత్తులు ఓపికగా నేర్పే పని ఆగకూడదు. కానీ ఆ పని పూర్తయ్యేదాకా సైన్సు, సాంఘికశాస్త్రం ఎందుకు ఆగాలి? చదవడంలో ఇబ్బంది ఉన్నవారికి ఇలా వినిపిస్తే పాఠం మెరుగ్గా అర్థమవుతోందని, అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి పరిశీలించిన అమెరికా పరిశోధకులు 2018లో తేల్చారు. పైగా ఈ పిల్లలకు పబ్లిక్ పరీక్షలో సహాయకుణ్ని, అదనపు సమయాన్ని మన బోర్డులే ఇస్తున్నాయి. పరీక్ష నాడు ఒప్పుకున్న అవసరాన్ని ఏడాది పొడవునా పట్టించుకోకపోవడం ఏం న్యాయం?

ఇలా వినడానికి వీలైన యూనికోడ్ ఫైలు బయటికిస్తే పైరసీ పెరుగుతుందని ప్రచురణకర్తలు అంటారు. ఆ మాట ప్రభుత్వ పాఠ్యపుస్తకాలకు వర్తించదు, అవి ప్రజల సొమ్ముతో తయారైనవి. ప్రైవేటు పుస్తకాల విషయంలో, వికలాంగులకు అందుబాటు రూపంలో ప్రతులు తయారుచేయడానికి 2012 కాపీరైటు సవరణ వీలు కల్పించింది. ఇదే ఉద్దేశంతో వచ్చిన మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకంటే ముందు ఆమోదించింది మనమే. డిస్లెక్సియా వంటి ప్రత్యేక అభ్యసన లోపాలను 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించింది. చట్టం చేయాల్సింది చేసింది. పుస్తకం కూర్పు పని అప్పగించేటప్పుడే పీడీఎఫ్‌తో పాటు యూనికోడ్ ఫైలు కూడా ఇచ్చితీరాలన్న షరతును రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలు పెడితే చాలు. అదనంగా అయ్యే ఖర్చు స్వల్పం. ఆ ఫైలు అందేదాకా, బడులకు ఎన్ని కంప్యూటర్లు కొన్నా ఈ పిల్లలకు ఒరిగేది లేదు.