మనవాడే కదా అని అడగకుండా ఉందామా?



మన తమిళనాడు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఏటా ఒక వార్త తిరుగుతుంది, మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల గారి జీతం ఎంత పెరిగిందని. 2025 జూన్‌తో ముగిసిన సంవత్సరానికి ఆయనకు దక్కింది 9.65 కోట్ల డాలర్లు. మన లెక్కలో సుమారు 850 కోట్ల రూపాయలు, ఎక్కువ భాగం షేర్ల రూపంలో. హైదరాబాదులో పుట్టిన మనిషి అంత ఎత్తుకు వెళ్లినందుకు మనకూ సంతోషమే. కానీ దండ వేసే చేత్తోనే ఒక అర్జీ కూడా రాయకూడదా?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలుగా వచ్చే ఉచిత రక్షణ అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11కి మారమన్నారు. మారాలంటే టీపీఎం 2.0 అనే రక్షణ ఏర్పాటు ఉండాలి, ప్రాసెసరు కంపెనీ జాబితాలో ఉండాలి. 2017కి ముందు వచ్చిన ఇంటెల్ ప్రాసెసర్లు, ఒకటీ అరా తప్ప, ఆ జాబితాలో లేవు. తెర బాగుంది, కీబోర్డు బాగుంది, ఉత్తరం టైపు చేస్తుంది, పిల్లలకు పాఠం చూపిస్తుంది. అయినా పనికిరాదట!

మేము రైల్వేలో గుమాస్తాగిరి చేసినవాళ్లం. అక్కడ పాత సామాను కండెమ్ చేయాలంటే ఎవరో చూడాలి, కారణం రాయాలి, సంతకాలు పడాలి. ఇక్కడ మన ఇంట్లోని యంత్రాన్ని రెడ్మండ్‌లో కూర్చుని కండెమ్ చేస్తున్నారు. లైసెన్సు పత్రం చదివితే తెలుస్తుంది, సాఫ్ట్‌వేరును మనకు అమ్మలేదు, వాడుకోవడానికి అనుమతి మాత్రమే ఇచ్చారు.

"అంతా మన భద్రత కోసమే" అంటారు. సరే. మరి 30 డాలర్లు కడితే అదే పాత యంత్రానికి ఇంకో ఏడాది అప్‌డేట్లు ఎలా ఇస్తున్నారు? సంస్థలు డబ్బు కడితే మూడేళ్ల దాకా ఎలా ఇస్తున్నారు? ఇవ్వడం చేతనవుతుంది. ఉచితంగా ఇవ్వడానికే మనసు రాలేదు.

డబ్బు కట్టనివాళ్లకు ఇంకో దారి పెట్టారు, కంప్యూటరు సెట్టింగులను వాళ్ల క్లౌడ్‌లో దాచమని. ఐరోపాలో వినియోగదారుల సంఘాలు గట్టిగా అడిగాయి. అక్కడ ఆ షరతు తీసేశారు. మనం అడగలేదు, మనకు తీయలేదు. అడగనిదే అమ్మయినా పెట్టదు అంటారు కదా.

కాబట్టి రెండు మాటలు. ఒకటి, మన సంఘాలన్నీ తీర్మానం చేసి కంపెనీకీ, కేంద్ర వినియోగదారుల శాఖకూ ఉత్తరాలు రాయాలి. రెండు, పాత కంప్యూటరును పాతసామానువాడికి వేయకండి. చెన్నై సీ-డాక్ వాళ్లు తయారు చేసిన బాస్ లినక్స్ ఉంది, దానికి డబ్బు కట్టనక్కర్లేదు. మన ప్రభుత్వం పిల్లలకిచ్చిన ఉచిత లాప్‌టాపుల్లో కూడా అది ఉండేది. ఎంతమందిమి తెరిచి చూశాం? పక్కన కేరళ బడుల్లో ఏళ్లుగా ఉచిత సాఫ్ట్‌వేరుతోనే పాఠాలు చెబుతున్నారు.

మన తెలుగు తరగతులకు కొత్త యంత్రాలు కొనే స్తోమత లేదు. ఎవరైనా పాతది ఇస్తేనే నాలుగు అక్షరాలు నేర్పగలం. అరవ బడిలో చదివి, తెలుగును ఇంట్లో కాపాడుకున్నవాళ్లం మనం. పాతదని దేన్నీ పారేయకపోవడం మనకు ఒకరు నేర్పాలా?