పరీక్షలన్నీ ఆమెకేనా?

నాకు మూడుసార్లు గర్భం పోయింది. రక్తపరీక్షలు, స్కానింగులు అన్నీ నాకే. ఆయనకు ఒకే ఒక్క వీర్యపరీక్ష చేసి, "కౌంటు బాగుంది" అని వదిలేశారు. "గొడ్రాలు" అన్న మాట మాత్రం నాకు దక్కింది.

కౌంటు, కదలిక బాగున్నా వీర్యకణాల్లోని డీఎన్ఏ తెగి ముక్కలై ఉండవచ్చు. పొగతాగడం, వృషణాల దగ్గర సిరలు ఉబ్బడం, పైబడే వయసు దాన్ని దెబ్బతీస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన వీర్యపరీక్షల కరదీపికలో ఈ పరీక్ష కూడా ఉంది.

పిల్లలు లేని ప్రతి జంటకూ దీన్ని అంటగట్టి డబ్బు గుంజితే అదీ దోపిడీయే. కానీ గర్భాలు వరసగా పోతున్నప్పుడు సగం శరీరాన్నే వెతికి, మొత్తం నేరం స్త్రీ మీద మోపడం వైద్యమా?

మన దగ్గరికి వచ్చే ప్రతి జంటనూ అడుగుదాం: ఆయన రిపోర్టులేవి?