శనిని పట్టుకోడానికి మోటారు అక్కర్లేదు

ఈ ఏడాది వార్షికోత్సవానికి పూర్వ విద్యార్థులం వేసుకున్న చందాలతో హాస్టల్‌కి ఏం కొనివ్వాలన్న చర్చ ఇంకా తెగలేదు. గేటు దగ్గర ఆర్చి కట్టిద్దామన్నవాళ్ళున్నారు, పెద్ద టీవీ అన్నవాళ్ళున్నారు. మాలో కొందరం టెలిస్కోపు అన్నప్పుడు నవ్వినవాళ్ళు నవ్వారు. నవ్వనివాళ్ళు మాత్రం ఒక మాట అన్నారు: "కొంటే మోటారున్నది కొనాలి. మోటారు లేకుండా గ్రహాల ఫోటోలు రావు. అంత డబ్బు మన దగ్గర లేదు, కాబట్టి ఆ ఊసే వద్దు." నవ్వుకి జవాబు అక్కర్లేదు గానీ, ఈ మాటకి చెప్పాలి.

భూమి తన చుట్టూ తాను తిరుగుతుంది కాబట్టి ఆకాశమంతా గంటకి 15 డిగ్రీల చొప్పున పడమరకి జరుగుతున్నట్టు కనబడుతుంది. కదలకుండా పెట్టిన టెలిస్కోపులో గురుగ్రహం మూడు సెకన్లలో తన వెడల్పంత దూరం జరిగిపోతుంది. 120 రెట్లు పెద్దది చేసి చూస్తే, ఒక అంచున కనబడిన గ్రహం సుమారు నిమిషంన్నరలో రెండో అంచు దాటి మాయమవుతుంది. మోటారు చేసే పనల్లా టెలిస్కోపుని ఆకాశంతో పాటే మెల్లగా తిప్పడం. మసకగా ఉండే నెబ్యులాలని నిమిషాల తరబడి ఎక్స్‌పోజర్ ఇచ్చి తీయాలంటే అది ఉండాల్సిందే. అక్కడిదాకా వాళ్ళ మాట నిజమే.

గ్రహాల సంగతి వేరు. అవి ఎండలో ఆరేసిన స్టీలు కంచాల్లాంటివి, సూర్యుడి వెలుగుకి మెరుస్తుంటాయి. గురుడికి సెకనులో యాభయ్యో వంతు చాలు. అంతలో గ్రహం జరిగేది 0.3 ఆర్క్ సెకను (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను). ఆరంగుళాల అద్దం ఎంత మంచిదైనా 0.8 ఆర్క్ సెకనుకి తక్కువైన వివరాన్ని చూపలేదు. అంటే కదలిక వల్ల వచ్చే మసక, అద్దం ఎలాగూ చూపలేనిదాంట్లోనే కలిసిపోతుంది. లెక్క చేసి చూడండి తమ్ముళ్ళూ, పదో తరగతి లెక్కలు చాలు.

పద్ధతి ఇది. ఫోటో తీయొద్దు, వీడియో తీయాలి. టెలిస్కోపుని అరగంట ముందే బయట పెడితే అద్దం చల్లబడుతుంది. ఫోన్‌ని ఐపీసుకి బిగించి, ఫోకస్ కదలకుండా లాక్ చేసి, వెలుగు తగ్గించి, గ్రహం రాబోయే చోటికి గొట్టాన్ని తిప్పి ఉంచాలి. రికార్డింగ్ నొక్కి చేయి తీసేయాలి. గ్రహం తనంతట తానే వచ్చి, తనంతట తానే దాటిపోతుంది. అంచుల్లో బొమ్మ చెదురుతుంది కాబట్టి మధ్యలో ఉన్న 40 సెకన్లు తీసుకుందాం. సెకనుకి 30 బొమ్మల చొప్పున 1200 బొమ్మలు. గాలి అలల వల్ల వాటిలో చాలావరకు వంకర టింకరగా ఉంటాయి, కొన్ని నిలకడగా పడతాయి. పీఐపీపీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రతి బొమ్మలోనూ గ్రహాన్ని మధ్యకి తెస్తుంది. మోటారు చేయాల్సిన పనిని తర్వాత కంప్యూటర్ చేస్తుందన్నమాట. ఆటోస్టాకర్ట్ మంచివాటిని ఏరి ఒకదానిమీద ఒకటి పేరుస్తుంది. 400 బొమ్మలు పేరిస్తే గింజలు గింజలుగా కనబడే చుక్కలు ఇరవయ్యో వంతుకి తగ్గుతాయి. అప్పుడు గురుడి మీది చారలు తేలతాయి. మోటారున్నవాళ్ళకీ ఇదే పద్ధతి. గురుడు పది గంటలకోసారి తన చుట్టూ తాను తిరుగుతాడు కాబట్టి వాళ్ళు మాత్రం గంటసేపు తీసి ఒకే బొమ్మగా పేర్చలేరు కదా.

ఈ మోటారు లేని టెలిస్కోపుని జనంలోకి తెచ్చినాయన జాన్ డాబ్సన్. 1915లో బీజింగ్‌లో పుట్టాడు. 1944లో శాన్ ఫ్రాన్సిస్కోలో రామకృష్ణ సంప్రదాయపు వేదాంత మఠంలో సన్యాసిగా చేరాడు. పాత ఓడ కిటికీల గాజు అరగదీసి అద్దం చేసి, అట్ట గొట్టంలో బిగించి, చెక్క పెట్టెలో నిలబెట్టేవాడు. ఆ పిచ్చిలో పడి మఠం పనులు వదిలేస్తున్నాడని 1967లో బయటికి పంపేశారు. ఆయన ఫుట్‌పాత్ మీద టెలిస్కోపు పెట్టి దారినపోయేవాళ్ళందరికీ చంద్రుణ్ణీ శనినీ చూపించాడు. 2014లో పోయాడు.

మన నేల మీద మాత్రం టెలిస్కోపు మేడల మీదే ఉండిపోయింది. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో సొంత ఇంట్లో వేధశాల పెట్టారు. హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ తెప్పించిన టెలిస్కోపుతో 1901లో నిజామియా వేధశాల మొదలైంది. గొప్ప పనులే, కాదనం. కానీ ఆ మెట్లు మన తాతలు ఎక్కి ఉంటారా? ఎక్కినా బరువు మోయడానికేగా! చుక్కలు లెక్కపెట్టి మంచిరోజు చెప్పినవాళ్ళు ఒకరు, ఆ రోజుకి పందిరి గుంజలు పాతినవాళ్ళు ఒకరు. "శనిగాడు", "శని పట్టింది" అని తిట్లు తిన్నవాళ్ళం మనం. ఆ శనిని మనమే పట్టుకుని, వలయాలతో సహా ఫోటో తీసి నోటీసు బోర్డుకి అంటిస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. 2025 మార్చిలో ఆ వలయాలు మనకి అంచు తిరిగి గీతలా సన్నబడ్డాయి. అక్కణ్ణుంచి 2032 దాకా ఏటేటా విచ్చుకుంటూ పోతాయి. ఆరో తరగతిలో చేరిన పిల్లాడు ఇంటర్ దాకా ఏడాదికొక ఫోటో తీస్తే, శని మనవైపు ఎలా వాలుతుందో తన చేత్తోనే రుజువు చేస్తాడు.

ఆకాశం కూడా మన పక్షమే. చలిదేశాల్లో ఎంత ఖరీదైన టెలిస్కోపున్నా గ్రహాలు చాలాసార్లు కిందికే ఉంటాయి, దట్టమైన గాలిలోంచి చూడాలి. మనకి నెత్తి మీదికొస్తాయి. 2027 ఫిబ్రవరిలో గురుడూ అంగారకుడూ ఇద్దరూ సింహరాశిలో, సూర్యుడికి ఎదురు దిక్కున, రాత్రంతా ఉంటారు. (సరిగ్గా నడినెత్తిన ఉన్నప్పుడు చెక్కపెట్టె టెలిస్కోపుని తిప్పడం కష్టం, ఒక గంట ఆగాలి.) పగలు సూర్యుడి వైపు మాత్రం ఎవరూ తిప్పకూడదు, కళ్ళు పోతాయి. అందుకే పగలు అది వార్డెన్ గారి గదిలో తాళంలో ఉండాలి.

తాళం అంటే గుర్తొచ్చింది. బాలుర హాస్టల్లో మేడ మీదికి వెళ్ళడానికి అడిగేవాళ్ళుండరు. బాలికల హాస్టల్లో సాయంత్రం ఆరింటికే మెట్ల తలుపుకి తాళం పడుతుంది. భద్రత కోసమే అంటారు. అయితే నెలకి నాలుగు రాత్రులు, స్టడీ అవర్ అయ్యాక గంటన్నర, మేట్రన్ గారూ వాచ్‌వుమనూ తోడుండగా ఆ తలుపు తెరవాలని మేం రాసిస్తున్నాం. ఒప్పుకోకపోతే టెలిస్కోపుని వాళ్ళ పెరట్లోకే మోసుకెళ్తాం. మోటారూ కరెంటూ లేని దానికి ఆ సౌకర్యం ఉంది.

మన సీనియర్లలో వడ్రంగం చేస్తున్న ఇద్దరన్నలు చెక్కపెట్టె చేసిస్తామన్నారు. అద్దం, ఐపీసులు కొనాలి. విండోస్ నడిచే పాత ల్యాప్‌టాప్ ఒకటి, కెమెరా బాగున్న పాత ఫోను ఒకటి కావాలి. తెర పగిలినా పర్వాలేదు. ఇవ్వగలిగినవాళ్ళు వార్షికోత్సవం రోజు భోజనాల వేళ మా బల్ల దగ్గరికి రండి.