ఏ కెమెరా మేలు?

పాత రేంజ్‌ఫైండర్ కెమెరాలలో ఏది శ్రేష్ఠమని అడిగితే మిత్రులు తక్షణమే లైకా పేరు చెబుతారు. 1954లో వెలువడిన లైకా ఎం3ని కాదనే ధైర్యం మాకూ లేదు. కాని అది కాప్రా విద్యార్థి కొనగల వస్తువా? 1880 దశకంలో రాజా దీన్‌దయాళ్ స్టూడియో నెలకొల్పిన సికిందరాబాదే మాదీ. ఆయనను పోషించిన నిజాం ఖజానా మాత్రం మాకు లేదు.

మా ఓటు 1972 నాటి కానొనెట్ జి-3కి. దీని కిటికీ మధ్యలో దృశ్యం రెండుగా కనిపిస్తుంది. కటకం చుట్టూ ఉన్న వలయాన్ని త్రిప్పి రెండు బింబాలను ఒకటి చేస్తే దూరం కుదిరినట్టే. ఎఫ్ 1.7 కటకం గనుక కాప్రా చెరువుపై వెలుగు సన్నగిల్లే వేళనూ పని సాగుతుంది. ఇక షట్టర్ చప్పుడు! ముషాయిరాలో షాయర్ గజల్ చదువుతుండగా మీట నొక్కినా ప్రక్కవారు తల త్రిప్పరు. సభామర్యాద ఎరిగిన కెమెరా అన్నమాట.

యాషికా ఎలక్ట్రో 35 అభిమానులు మన్నింతురు గాక. 1966లో వచ్చిన ఆ కెమెరా సొగసైనదే. బ్యాటరీ లేకుంటే మాత్రం సెకనులో 500వ వంతు వేగమొక్కటే దానికి దిక్కు. వాటి పాదరసపు బ్యాటరీలు నేడు తయారు కావడం లేదు. కానొనెట్‌లోనూ అదే జాతి బ్యాటరీ వాడేవారు గాని, వెలుతురు కొలతకూ ఆటోమేటిక్ పద్ధతికీ మాత్రమే. అది లేకున్నా షట్టర్‌నూ ఎపర్చర్‌నూ చేతితో అమర్చుకోవచ్చు. ఎండను చూసి ఎక్స్‌పోజర్ అంచనా వేయడం అలాగే అలవడుతుంది.

చేతిలో ఫోను ఉండగా ఇదెందుకని కొందరు పెద్దల ప్రశ్న. రీలులో ఉన్నవి 36 బొమ్మలే కనుక, నొక్కే ముందు చూడక తప్పదు. కళాశాల కమిటీవారు ఒక్క కానొనెట్ కొని, గ్రంథాలయంలోని పుస్తకం వలె విద్యార్థులకు అరువిచ్చే ఏర్పాటు చేయవలెనని మా మనవి. కొనేముందు కటకంలో బూజు పట్టిందేమో, రెండు బింబాలూ సరిగా కలుస్తున్నవో లేదో పరీక్షించవలెను.