మంచాన పడకముందు

2020 డిసెంబరులో ఏలూరులో వందలకొలది జనం ఉన్నట్టుండి మూర్ఛలతో నేలకొరిగినప్పుడు ఊరి నీరు, పాలు, కూరగాయలు, రోగుల రక్తం సమస్తమూ పరీక్షాశాలలకు పోయినవి. నిపుణులు తరలివచ్చినారు. ఆపద ఒక్కసారిగా వచ్చిపడినది గనుక ప్రభుత్వానికి నిద్రపట్టలేదు. అదే ఏలూరులో, ఇటు తాడేపల్లిగూడెంలో, అటు కొల్లేటి లంకలలో రక్తపు పోటు, మధుమేహం ముసలివారి మూత్రపిండాలను, కంటిచూపును ఏళ్ల తరబడి చప్పుడు లేకుండ తినివేస్తున్నవి. వాటికి అటువంటి డిసెంబరు ఏదీ రాదు.

వృద్ధులకు బీమా లేదనడానికి వీలులేదు. 2007లో వెలసిన ఆరోగ్యశ్రీ నేడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్నది. (ప్రభుత్వం మారినప్పుడల్లా పథకానికి బారసాల చేయడం మనకు అలవాటైనది, రోగికి పేరుతో పనిలేదు.) 2024 అక్టోబరు 29న కేంద్రం ఆయుష్మాన్ భారత్ పథకాన్ని 70 ఏండ్లు నిండినవారందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండ, ఏటా 5 లక్షల రూపాయల వరకు విస్తరింపజేసినది. ఇది చిన్న మేలు కాదు. అయితే ఈ బీమా ఆసుపత్రిలో చేరినవారికే. చేరడానికి ముందు 3 దినాల ఖర్చును, ఇంటికి వచ్చిన పిమ్మట 15 దినాల ఖర్చును భరిస్తుంది. అంతకు ముందటి పదేళ్ల సంగతి దానికి పట్టదు. కేవలం పరీక్షల కోసం చేరితే పైకం రాదు. పక్షవాతంతో పడిపోయిన తాతకు చికిత్స చేయిస్తుంది. ఆ పక్షవాతాన్ని ఆపగలిగి ఉండిన రోజుకొక మాత్రకు మాత్రం ఇందులో చోటులేదు.

ఉపకేంద్రంలో 30 ఏండ్లు దాటినవారికి ఉచితంగా పరీక్షలు చేస్తున్నారు గదా, 104 వాహనం ఊరికే వచ్చి మాత్రలిస్తున్నది గదా అనేవారున్నారు. నిజమే. కాని ఆ పుస్తకం వేరు, బీమా పుస్తకం వేరు. మంచం నిండితే ఆసుపత్రికి పైకం వస్తుంది. నిండకుండ కాపాడినవారికి చిల్లిగవ్వ రాదు. కాబట్టి లంకలోని మామ్మను వెదుక్కుంటూ పోవలసిన అక్కర ఎవరికీ కలుగదు. వరదలకు దారి మునిగినప్పుడు ఆమే పడవెక్కి రావాలి. నొప్పిలేని జబ్బుకోసం ఎవరు వస్తారు? రక్తపు పోటుకు నొప్పి ఉండదు. అదే దాని మాయ.

వెదకిపోయి పరీక్షించడం మనకు చేతగాని పనీ కాదు. 2013 నుండి బడిపిల్లలకు ఆరోగ్య పరీక్షలు జరుగుతున్నవి. 2019లో బడులలో మొదలైన కంటివెలుగు 2020లో 60 దాటిన అవ్వాతాతల వద్దకు పోయినది. ఆ ఒక్క కంటితోనే ఆగిపోనేల? బడి గేటు వద్ద మనుమరాలికోసం కాచుకొని ఉన్న మామ్మ రక్తపు పోటెంతో ఎవరూ అడుగరు. అమెరికాలో 1965లో వృద్ధుల బీమాకై చట్టం చేసినప్పుడు వారును చికిత్సనే తలచినారు. ఏటా ఒకమారు ఉచితంగా ఆరోగ్య సమీక్ష అన్నది 2011లో గాని రాలేదు. ఆ ఆలస్యాన్ని కూడ మనం అనుకరించనక్కరలేదు.

70 ఏండ్లవారికి కార్డు ఇచ్చేనాడే రక్తపు పోటు, చక్కెర, మూత్రం, కళ్లు చూడాలి. ఏటా మళ్లీ చూడాలి. ఉపకేంద్రం చూసినా, ఊరి వైద్యుడు చూసినా ఆ రుసుమును, నెలనెలా మాత్రల వెలను బీమాయే చెల్లించాలి. మొదట ఖర్చు తగ్గదు. దాగిన జబ్బులు బయటపడతాయి గనుక పెరుగుతుంది. ఆ మాట ముందే ఒప్పుకొని నిధులు కేటాయించాలి. లేకపోతే ఆ లెక్క డయాలిసిస్ గదిలో తేలుతుంది. అప్పుడు బీమా చెల్లిస్తుంది. వారానికి రెండు మూడు మార్లు ఏలూరు బస్సెక్కేది మాత్రం మామ్మే.