కెమెరా వెనుక స్త్రీ

1976లో న్యూయార్కు నగరంలో కొందరు నల్లజాతి స్త్రీలు ఒక చలనచిత్రోత్సవం జరిపారు. బానిసగా పుట్టి, బానిసత్వ నిర్మూలనకై ఊరూరా ప్రసంగించిన సోజర్నర్ ట్రూత్ పేరును దానికి పెట్టుకున్నారు. నల్లజాతి స్త్రీలు తీసిన చిత్రాలకే ప్రత్యేకించిన ఉత్సవాలలో అదే మొదటిదని చెబుతారు. అంతకు నాలుగేళ్ళ ముందు, 1972లో, అదే నగరంలో స్త్రీల చిత్రాలకు ఒక అంతర్జాతీయోత్సవం జరిగే ఉన్నది. మరి ఇంకొకటి దేనికి? దీపం కింద చీకటి ఉంటుందన్నది మన పెద్దల మాటే కదా! స్త్రీలందరి పేరిట వెలిగించిన దీపానికైనా అది తప్పదు. తరువాతి కాలంలో శ్వేతేతర జాతుల స్త్రీలందరినీ కలుపుకొని అటువంటి ఉత్సవాలు అమెరికాలో పలుచోట్ల వెలిశాయి.

ఎక్కడి న్యూయార్కు, ఎక్కడి విజయవాడ అని పాఠకులు అనుకోవచ్చు. అటువంటి ఉత్సవమొకటి మన కళాశాలలోనూ జరపాలన్నదే కమిటీవారికి మా విన్నపం. సినిమాతో మన ఊరికి గల బంధుత్వం ఈనాటిది కాదు. 1921లోనే ఇక్కడ మారుతీ సినిమా హాలు వెలిసింది. డెల్టాలో పండిన ధాన్యం సొమ్ము మద్రాసు వెళ్ళి సినిమాగా మారి తిరిగి వచ్చేది. చల్లపల్లి రాజావారి సారథి సంస్థ నిర్మించిన ‘మాలపిల్ల’ (1938), ‘రైతుబిడ్డ’ (1939) అందుకు సాక్ష్యాలు. గాంధీనగరంలోని పంపిణీ కార్యాలయాల నుండి ఫిల్ము డబ్బాలు జిల్లాలకు ప్రయాణం కట్టేవి. ఇన్ని చిత్రాలను చూసిన, పంచిన ఈ ఊరు కెమెరా వెనుక నిలిచిన స్త్రీలను మాత్రం గుర్తుంచుకోలేదు.

సావిత్రిగారినే తీసుకుందాము. కృష్ణకు ఆవలి గట్టున ఉన్న చిర్రావూరులో పుట్టి, విజయవాడలో నాట్యం నేర్చి, ఇక్కడి నాటకరంగం మీద ఎదిగిన వ్యక్తి. ‘మహానటి’ అనగానే మనకు కన్నీరు వస్తుంది. కాని 1968లో ఆమె ‘చిన్నారి పాపలు’కు దర్శకత్వం వహించారనీ, దానికి సంగీతం కూర్చినది పి. లీల అనే స్త్రీ అనీ మన తరగతిలో ఎందరికి తెలుసు? ఆ మరుసటి ఏడు ‘మాతృదేవత’, 1971లో ‘వింత సంసారం’ వచ్చాయి. లోకం ఈ కథను చెప్పే తీరు వేరు. దర్శకత్వం, నిర్మాణం ఆమె ఆస్తిని హరించిన పొరపాట్లని నిట్టూరుస్తారు. చిత్రాలు తీసి ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న పురుషులు తెలుగునాట తక్కువా? వారిని సాహసికులంటాము. ఆ చిత్రాలు మంచివో కావో చూసి తేల్చవలసిన పనిని మనం జాలికి అప్పగించాము.

అంతకు ముందే, 1953లో, భానుమతిగారు ‘చండీరాణి’ని తెలుగు, తమిళ, హిందీ భాషలలో తీశారు. విజయనిర్మలగారు నలభైకి పైగా చిత్రాలకు దర్శకత్వం వహించి 2002లో గిన్నిస్ గ్రంథానికెక్కారు. తెలుగులో ఆమె తొలి చిత్రం ‘మీనా’ (1973) మన కృష్ణా జిల్లా కాజ గ్రామంలో పుట్టిన యద్దనపూడి సులోచనారాణిగారి నవలే.

సినిమా పేరెత్తితేనే మా ఉర్దూ విభాగపు పెద్దలు కొందరు ముఖం చిట్లిస్తారు. వారికి మేము ఫాత్మా బేగంగారిని సవినయంగా గుర్తు చేస్తున్నాము. స్త్రీ పాత్రలను సైతం పురుషులు ధరించే రోజులలో ఉర్దూ మాట్లాడే ముస్లిం కుటుంబం నుండి వచ్చి, సొంత సంస్థ నెలకొల్పి, 1926లో ‘బుల్‌బులే పరిస్తాన్’ తీసిన ఆమె భారతదేశపు తొలి మహిళా దర్శకురాలు. ఆ చిత్రం నేడు లభ్యం కాదు. ఆమె కుమార్తె జుబేదా నటించిన తొలి భారతీయ టాకీ ‘ఆలం ఆరా’ (1931) సైతం దక్కలేదు. దాచుకోనివి ఇలాగే పోతాయి.

స్త్రీల చిత్రాలను వేరుగా చూపడం వారిని చిన్నబుచ్చడమేనని ఒక మిత్రుడు వాదించాడు. కలిపి చూపిన ఉత్సవాలలో వారికి దక్కిన చోటెంతో అతడే లెక్కవేసి చెప్పాలి. రంగు సంగతి మనది కాదనీ అన్నాడు. పెళ్ళి ప్రకటనలలో ‘తెల్లని వధువు’ను వెదికే వారి నోట ఈ మాట వింతగా ఉన్నది!

హైదరాబాదులో పుట్టిన దీపా ధన్‌రాజ్ గారి చిత్రాలను ప్రత్యేకంగా సూచిస్తున్నాము. 1984లో హైదరాబాదులో జరిగిన మతకలహాలపై ఆమె ‘క్యా హువా ఇస్ షహర్ కో?’ (1986) తీశారు. తమిళనాట ముస్లిం స్త్రీలు తమ న్యాయం తామే చెప్పుకొనేందుకు ఏర్పరచుకొన్న జమాత్‌పై 2011లో మరొక చిత్రం తీశారు. ఈ రెండవదాన్ని మన విద్యార్థినులూ, వారి తల్లులూ పక్కపక్కన కూర్చుని చూడాలి. చర్చ ఉర్దూలోనూ, తెలుగులోనూ సాగాలి.

ఖర్చు పెద్దది కాదు. ఇప్పుడు డబ్బాలు మోయనక్కరలేదు. హాలులోని ప్రొజెక్టరు చాలు. హక్కుదారుల అనుమతికి లేఖలు వ్రాయడం విద్యార్థి సంఘం చేయదగిన పనే. తొలిరోజు ఉదయం ‘ఇది కథ మాత్రమేనా’తో ఆరంభించవచ్చు. ఇంటిలో స్త్రీ పడే హింసపై, హైదరాబాదులోని స్త్రీ శక్తి సంఘటనతో కలిసి దీపాగారి ‘యుగాంతర్’ బృందం 1983లో తీసిన తెలుగు చిత్రమది. దాన్ని డిజిటల్ రూపంలో పునరుద్ధరించినది బెర్లిన్‌లోని ఆర్సెనాల్ సంస్థ. నిడివి అరగంటకు మించదు. మొదటి గంట మోగేలోగా చూపవచ్చు.